మునుం పట్టిన గోడ

మా ఊరి కొత్త కాలనీలో వీధి చివర ఒక చిన్న శ్లాబు ఇల్లుంది. చూడ్డానికి పెద్దగా ఏం లేదు. రెండు గదులు, ముందు ఓ వరండా, పచ్చరంగు తలుపు. కానీ ఆ దారిన కొత్తవాళ్లెవరు పోతున్నా నేను ఊరుకోను. ఆపి మరీ చూపిస్తాను. "ఈ గోడ మేం కట్టినాం" అంటాను. మేం అంటే ఎవరని అడిగితే మరీ సంబరం. "ఆడోల్లం. వరి ఉడుపులకెల్లే ఆడోల్లం" అని చెప్పి, వాళ్ల మొహంలో నమ్మకం కుదిరేదాకా కదలనివ్వను. మా ఆయన తల పట్టుకుంటాడు. "ఇంకెన్నాల్లే నీ గోడ గోల" అంటాడు. నేను బతికున్నన్నాళ్లూ అని చెబుతాను. గొప్ప పని చేసినప్పుడు గొప్ప చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు.

ఆ ఇల్లు మా ఆడపడుచుది. మా ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. మాది గరివిడికి ఆటోలో పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగిన పల్లె. కాస్త పల్లపు మడి, కాస్త మెట్ట. ఆమెని గరివిడిలో లారీలకి సరుకెత్తే కుర్రాడికిచ్చాం. నవ్వుమొహం మనిషి. బావా అని నన్ను కూడా ఆటపట్టించేవాడు, అక్కని పట్టుకుని బావా అనడమేమిట్రా అంటే పకపకా నవ్వేవాడు. ఓ వానాకాలం జ్వరం పట్టుకుంది. విజయనగరం పెద్దాసుపత్రిలో చేర్చినా దక్కలేదు. అప్పటికి ఇద్దరాడపిల్లలు. పెద్దది బడికి పోతోంది. చిన్నది ఇంకా తల్లి చంక దిగలేదు. రాష్ట్రం రెండు ముక్కలైన రోజులవి. టీవీ పెడితే అదే గొడవ. మా ఇంట్లో మాత్రం ఈ గొడవ.

"మా ఇంటికొచ్చి ఉండిపోవే" అని ఆ రోజు నేనే అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వొద్దొదినా. పండక్కొస్తాను, పెల్లికొస్తాను. పడుండడానికి మాత్రం రాను. రేపు నా కూతుర్లు ఎవురింట్లో పెరిగినారంటే ఏటి సెప్తారు?"

పౌరుషం గల మనిషి. నాకు ఆమెలో నచ్చేది అదే, ఒళ్లు మండేదీ అదే. నిజం చెప్పాలంటే మా రెండు గదుల కొంపలో అత్తమామలు, మేము, మా పిల్లలు కాళ్లు చాపుకుంటే తలుపు మూయడానికి చోటుండేది కాదు. అందుకని నేనూ మరీ గట్టిగా పట్టుబట్టలేదు.

గరివిడిలో ఉన్న అద్దె గదిలోనే ఉండిపోయింది. పొద్దున్నే ఒక టిఫిన్ కొట్లో పిండి రుబ్బి, చట్నీలు చేసి, గిన్నెలు తోమి వచ్చేది. మొగుడి ఫొటో పెద్దది చేయించి, అద్దం కట్టించి తెచ్చుకుంది. దాన్ని గోడకి తగిలిద్దామని సుత్తి ఎత్తేసరికి ఇంటావిడ పరుగెత్తుకొచ్చిందట. "అమ్మా, గోడకి మేకు కొట్టకు తల్లీ, కొత్తగా రంగేయించినాం" అందట. ఫొటో తువ్వాల్లో చుట్టుకుని ట్రంకుపెట్టెలోకి పోయింది. ఏడాదికోసారి ఆయన పోయిన రోజున బయటికి తీసి, పీట మీద పెట్టి, బొట్టు పెట్టి, పిల్లలచేత దండం పెట్టించి మళ్లీ పెట్టెలో పెట్టేది. "ఏటే, నీ మొగుణ్ని పెట్టెలో ఎట్టి తాలం ఏసినావా?" అని నేను ఓసారి వేళాకోళమాడాను. నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు అన్నం సయించలేదు.

ఇలా కొన్నేళ్లు నడిచింది. భోగాపురంలో విమానాలు దిగుతాయట, ఎకరాలకి ఎకరాలు తీసుకుంటారట అని ఆటోల్లో జనం ఒకటే మాట్లాడుకునే రోజుల్లో, ఓ మాఘమాసం సాయంత్రం, ఆమె పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది. ఇంటావిడ కొడుక్కి పెళ్లి కుదిరింది. ఆ గది వాళ్లకే కావాలి. ఎండలు ముదిరేలోగా ఖాళీ చెయ్యమన్నారు. ఇంటావిడ చెడ్డదేం కాదు, కావాల్సినంత గడువే ఇచ్చింది. కానీ గరివిడిలో ఏ గుమ్మం ఎక్కినా ఒకటే ప్రశ్న. మొగాడెవరు? మొగాడు లేడంటే, గది నిన్ననే ఇచ్చేశామంటారు. నిన్న ఇచ్చేసిన గదికి ఇవాళ కూడా తాళం వేలాడుతూనే ఉంటుంది.

"మరేటి సేస్తావే?" అన్నాను.

"హైదరాబాదు పనులకి మనుసుల్ని అట్టుకెల్లే ఏజెంటున్నాడు గదా, ఆయన్ని అడిగినాను. అక్కడ రేకుల సెడ్డులో ఉండాల. పిల్లల్ని రానివ్వరు. పెద్దదాన్ని హాస్టల్లో ఎయ్యాల. సిన్నదాన్ని హాస్టల్లో తీసుకోరు, పసిది. అది నీ కాడుంటాది."

ముగ్గురూ మూడు చోట్లన్నమాట. చెబుతున్నంతసేపూ పెద్దపిల్ల చెల్లెలి జడ అల్లుతోంది. అల్లిన జడే విప్పి మళ్లీ అల్లుతోంది. రెక్క రాని పిల్లల్ని తల్లి దగ్గర్నుంచి లాగేసి, దానికి ఏర్పాటు అని పేరు పెట్టడమేమిటి? నా నోరు ఊరుకోదు గదా.

"నీకు జాగా ఉన్నాది గదే మన ఊర్లో! పట్టా ఇచ్చినారు గదా!"

ఉంది. రేషను కార్డు మా ఊరికి మార్పించాక, కాలనీలో ఆమె పేరున ఇంటిస్థలం వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ అందులో సర్కారు తుమ్మ పెరుగుతోంది. గవర్నమెంటు ఇల్లంటే ముందు డబ్బు చేతిలో పెట్టరు. పునాది లేచి బేస్‌మెంటు కనబడితే ఒక బిల్లు, గోడలు లేస్తే ఇంకొకటి, శ్లాబు పడితే ఇంకొకటి. మొదటి బిల్లు రావాలంటే ముందు పునాది మనమే వేసుకోవాలి. పునాది వేసుకోగలిగినవాళ్లకి ఈ ఇల్లు అంత అవసరమా, అవసరమైనవాళ్లు పునాది ఎక్కణ్నుంచి వేస్తారు? ఎవరిని తిట్టాలో తెలీక ఆ తుమ్మ కంపనే తిట్టేదాన్ని. దానికి తోడు హౌసింగ్ ఇన్‌స్పెక్టరు చెప్పేశాడు. వానల్లోగా బేస్‌మెంటు కనబడకపోతే స్థలం వేరేవాళ్ల పేరుకి మారిపోతుంది. ఆయన్ననుకుని లాభం లేదు, ఆయనకి పైనుంచి వచ్చిన మాట.

ఇక్కడ మా జట్టు సంగతి చెప్పాలి. వరినాట్లని మేం ఉడుపులంటాం. వానలు పడి మడి దమ్ముకొచ్చాక ఆడవాళ్లం వరసగా నిలబడతాం. చెయ్యి చాచినంత మేర ఎవరి భాగం వాళ్లది. ఆ భాగాన్ని మునుం అంటారు. ఎవరి మునుం వాళ్లు ఉడుస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తూ, గట్టు చేరాలి. ముందు చేరినవాళ్లు నడుం మీద చెయ్యేసుకుని మిగతావాళ్లని ఎకసెక్కాలాడతారు. ఈ ఉడుపులకి కూలి లేదు. ఇవాళ నా మడిలో నువ్వు, రేపు నీ మడిలో నేను. దీన్ని బదులంటాం. బదులెగ్గొట్టిన మనిషికి మా ఊళ్లో నిప్పు కూడా ఎవరూ ఇవ్వరు.

ఆ మర్నాడు మా వరండాలో జట్టంతా కూచుని చింతపండు గింజ తీస్తున్నాం. ఆడపడుచు ఓ మూల కూచుంది. నేను పీట జరుపుకుని ఉన్న మాట చెప్పేశాను.

"ఒలమ్మలారా, ఇల్లు కట్టడానికి బదులెల్దామేటి?"

మా జట్టుకి ముందు నడిచేది ఒక ముసలావిడ. ఊరందరికీ ఆవిడ అత్తే. మడిలో ఆవిడ కేకేస్తేనే అడుగు వెనక్కి పడాలి. ఆ అత్త చింతపండు పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"బదులంటే తిరిగి తీర్సేదే గదే. నీ ఆడపడుసుకి సెంటు మడి నేదు. రేపు ఇంతమంది బదులు అదొక్కత్తీ ఎన్ని మడుల్లో దిగి తీరుస్తాది?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ కడుపులో పేగులున్నాయా, రాల్లున్నాయా అత్తా?" అనేశాను.

"అరవకు. ఊరికే సేసినామనుకో, రేపిది మన ముందు తలొంచుకుని నడవాల. బిచ్చమేసినట్టుంటాది. అది దానికి బాగుంటాదేటి?"

ఆవిడ అడ్డుపడుతోందనుకున్నాను గానీ, నాకంటే ముందుకే పోయింది. అప్పుడు మూల నుంచి మా ఆడపడుచు లేచి నిలబడింది.

"నానిస్తాను బదులు. ఇల్లంటూ లేస్తే, మీరు మడిలో దిగినన్నాల్లూ మీ పిల్లగుంటల్ని నాను సూస్తాను. గట్ల మీద వానలో తొంగోబెట్టక్కర్నేదు. నా ఇంట్లో తొంగుంటారు. అంబలి పోస్తాను, ముడ్డి కడుగుతాను, ఏడిస్తే ఎత్తుకుంటాను. మీ ఉడుపులన్నీ అయ్యే వరకూ."

మడిలో ఉడిచే తల్లి చెవి ఎప్పుడూ గట్టు మీదే ఉంటుంది. గొంగళి కింద పడుకోబెట్టిన పసివాడు ఏడిస్తే ఒక భయం, ఏడవకపోతే ఇంకో భయం. పామా, తేలా, కాలవా? జట్టులో ఒక చిన్నకోడలుంది. ఆ క్రితం ఏడు ఆమె కొడుకు పాక్కుంటూ పోయి కాలవ గట్టున దొరికాడు. ఆ పిల్ల అందరికంటే ముందు అంది: "నానొస్తాను."

అత్త చింతపండు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అయితే ఇది బదులే. దానం కాదు" అంది. అంతే, ఆ మాటతో పని మొదలైపోయింది.

చెల్లెలికి ఏం ఇస్తావని నేను మా ఆయన్ని అడగలేదు. అడగకముందే మనిషి మా మడిలో ఒక మూల మట్టి తవ్వించి ఇటక కోయిస్తున్నాడు. రెండెడ్లతో తొక్కించి, అచ్చుల్లో కోసి, ఎండబెట్టి, బట్టీ పెట్టి కాల్చాడు. బట్టీ కాలినన్నాళ్లూ అక్కడే మంచమేసుకున్నాడు. మాటలు తక్కువ మనిషి, పని మాత్రం చూడాలి. పునాదికి రాయి కొండ పక్కనుంచి ఎడ్లబళ్ల మీద తోలాం. జాగాలో తుమ్మ కంప నరికి, గెవర నేల తవ్వాం. ఎంత గట్టి నేలంటే పలుగు దింపితే ఖంగుమని తిరిగి మన భుజానికే తగిలేది. అత్త ఆ నేలనీ, నేలని పుట్టించినవాణ్నీ కలిపి తిట్టేది. ఆ తిట్లకి అందరం నవ్వలేక నడుం పట్టుకునేవాళ్లం.

తాపీమేస్త్రి మా ఆయనకి వరసకి మేనమామ. నేనూ మావా అనే పిలుస్తాను. విశాఖపట్నంలో పెద్ద పెద్ద మేడలు కట్టి వచ్చిన మనిషి. కోపిష్ఠి. ఆడవాళ్లు తట్టలు మోయాలి గానీ తాపీ పట్టడమేమిటన్నాడు. మొగవాళ్లంతా వలసపోయారు, ఇంకెవరు పడతారు నువ్వే చెప్పు అన్నాను. గొణుక్కుంటూనే నేర్పాడు. బేస్‌మెంటు లేచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి ఆడపడుచుని దాని ముందు నిలబెట్టి సెల్‌ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. ఆ ఫొటోలో ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, మోచేతుల దాకా సిమెంటుతో, కళ్లు చిట్లించి ఉంటుంది. బిల్లు వచ్చింది, దాంతో సిమెంటొచ్చింది. స్థలం ఇక ఎవరి పేరుకీ మారదు.

అక్కడే మా కళ్లు నెత్తికెక్కాయి.

గోడ మొదలెట్టే రోజుకి మావ చుట్టాలింట్లో ఎవరో పోయారు. మూలలు గుర్తుపెట్టి, దారం లాగి, "నానొచ్చీవరకూ ఇటకలు నానబెట్టండి. అంతే. ఇంకేటీ ముట్టుకోకండి" అని చెప్పి పోయాడు. మర్నాటికీ రాలేదు. ఇటకలు నానాయి. సిమెంటు మాలు కలిపే చేతులు ఖాళీగా ఉన్నాయి. వరసగా నిలబడి ఉన్న ఆడవాళ్ల ముందు సాపుగా ఒక నేల ఉంటే ఏమవుతుందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎవరూ చెప్పకుండానే మునుం పట్టేశాం! నీది ఇక్కణ్నుంచి ఇక్కడికి, నాది ఇక్కణ్నుంచి అక్కడికి. చెంగు బిగించి ఎవరి భాగం వాళ్లు పైకెత్తుకుపోయాం. పక్కదానికంటే ముందు నడుమెత్తు లేపాలని ఒకటే పంతం. చిన్నకోడలు నా కంటే ముందు లేపేసి, నడుం మీద చెయ్యేసుకుని నన్ను ఎకసెక్కమాడింది. సాయంత్రానికి నాలుగు వైపులా నడుమెత్తు గోడ. ఆ పూట మేం ఇళ్లకి పోతుంటే మా నడకే వేరు.

మావ వచ్చాడు. గోడని చూశాడు. చుట్టూ తిరిగాడు. ఒకచోట ఆగి అరచేత్తో నెట్టాడు. నా మునుం ఒక్కటే విడిగా ఊగింది. దాని పక్కనున్న చిన్నకోడలి మునుం కదల్లేదు. రెండిటి మధ్యా పైనుంచి కిందికి సన్నగా వెలుతురు కనబడింది.

"ఓర్నాయనో! ఇది గోడా, పక్కపక్కన పేర్సిన గడ్డికుప్పలా? ఎవుల్ల ముక్క ఆల్లు ఎత్తుకుపోనారేటే! గోడకి మునుం ఉంటాదేటే? ఒక వరస ఇంటి సుట్టూ తిరిగొచ్చినాకే రెండో వరస ఎట్టాల. కింద రెండిటకల అతుకు మీద పైనిటక కూకోవాల. నేకపోతే నీ ముక్కకీ దాని ముక్కకీ సుట్టరికమేటి?"

పడగొట్టాల్సిందే అన్నాడు. వేరే దారి లేదు. మేం ఎత్తిన గోడ మేమే పడగొట్టాం. సిమెంటు సగానికి సగం మట్టిపాలైంది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అత్త నోట ఒక్క తిట్టు రాలేదు, అదే నాకు అన్నిటికంటే భయమేసింది.

సరిగ్గా ఆ వారమే గరివిడి గది ఖాళీ చెయ్యాలి. ఏజెంటు కబురు పంపాడు, మర్నాడు రైలెక్కిస్తున్నాడట. ఆడపడుచు ఆ ఇటకల కుప్ప పక్కన నిలబడి, నా మొహం చూడకుండా అంది:

"వొదినా, నానెల్పోతాను. మీరు సేయగలిగినంత సేసినారు. పెద్దదాన్ని హాస్టల్లో ఎయ్యి. సిన్నది రేత్రుల్లు ఉలిక్కిపడతాది, పక్కన తొంగోబెట్టుకో."

నాకు ఏడుపు రావలసింది, కోపమొచ్చింది. నాకు ఎప్పుడూ అంతే. ఒక ఇటక తీసి ఆమె కాళ్ల దగ్గర పడేశాను.

"ఎల్తావా? ఎల్లు! ఎల్లేముందు ఈ ఇటకలకంటుకున్న మాలు గీకి మరీ ఎల్లు. నీ అన్న ఎండలో మాడి కాల్సిన ఇటకలివి. నీ ఇంటివి. ఆరిపోతే మరి రాదు, కూకో!"

కూచుంది. కత్తిపీట ముక్క ఒకటి తీసుకుని గీకడం మొదలెట్టింది. ఏడుస్తూనే గీకింది. తల్లి పక్కన పెద్దపిల్ల కూచుంది. తర్వాత చిన్నకోడలు, తర్వాత నేను, తర్వాత ఒకరొకరుగా జట్టంతా. చీకటి పడేదాకా గీకుతూనే ఉన్నాం. మర్నాడు ఏజెంటు రైలు వెళ్లే వేళకి ఆడపడుచు చెయ్యి నిండా మాలుంది, చుట్టూ శుభ్రమైన ఇటకలున్నాయి. రైలు దాని దారిన అది పోయింది. పెట్టె బేడా సర్దుకుని ముగ్గురూ మా వరండాలోకొచ్చారు. "పడుండడానికి కాదు, శ్లాబు పడీవరకూ" అని నాకు నాలుగుసార్లు చెప్పింది. సరేలే తల్లీ, నీ పౌరుషం మా వరండాలో పట్టదు గానీ నువ్వు పడతావు, పడుకో అన్నాను. తక్కువైన సిమెంటు మావ తన ఇంటికని దాచుకున్నది తెచ్చాడు. తెచ్చి, మమ్మల్ని ఇంకో గంట తిట్టాడు.

రెండోసారి గోడ కట్టిన తీరు నేను చచ్చేదాకా మర్చిపోను. అత్త దారం దగ్గర నిలబడింది. మేం మునుం పట్టలేదని కాదు, పట్టాం. కానీ అందరిదీ ఒకటే మునుం. ఒకరు మాలు పరిస్తే, పక్కవాళ్లు ఇటక పెడితే, ఆ పక్కవాళ్లు సర్దితే, వరస అలా ఇల్లు చుట్టి మొదలుపెట్టిన మూలకి వచ్చేది. అప్పుడు అత్త దారం ఒక వరస పైకి జరిపి కేకేసేది. మడిలో ఆవిడ కేకకి అడుగు వెనక్కేస్తాం, ఇక్కడ వరస పైకేశాం. ముందు చేరడం ఎవరికీ లేదు, ఎందుకంటే నీ పక్కది ఇటక పెట్టకపోతే నీ ఇటకకి కూచునే చోటుండదు. ఉడుపుల పాటలే పాడుకున్నాం. పని అలవాటు పడేసరికి మావ తిట్లు తగ్గిపోయాయి. గుండు కట్టిన దారం మూలమూలకీ పట్టి చూశాడు. చివరి మూల దగ్గర చాలాసేపు చూసి "ఊఁ" అన్నాడు. ఆయన నోట ఊఁ అంటే ఏమిటో ఆయన పెళ్లాన్ని అడగండి, ఇన్నేళ్ల కాపురంలో ఆమె వంటకి కూడా అనలేదట.

జ్యేష్ఠం చివర్లో శ్లాబు పడింది. ఆ రోజు తట్టలందించిన వరసలో మా ఆయన తల్లి, మా సొంత అత్తగారు కూడా నిలబడింది, ఒద్దన్నా వినలేదు. తర్వాత లోపల సిమెంటు పూత పూశాం. మొదటి వాన పడ్డ రోజు ఆడపడుచు పిల్లల్ని తీసుకుని ఆ ఇంట్లోకి పోయింది. కిటికీలకి ఇంకా రెక్కల్లేవు, గోనెసంచులు కట్టుకుంది. నేను గొడుగేసుకుని చూడ్డానికి పోతే, ముగ్గురూ గది మధ్యలో కూచుని పైకి చూస్తున్నారు. "ఏటే సూస్తన్నారు?" అన్నాను. "కారతాదేమో అని" అంది చిన్నది. కారలేదు. మేం వేసిన శ్లాబు కారుతుందా?

ఫొటో మాత్రం ఇంకా పెట్టెలోనే ఉంది. పూత పచ్చిగా ఉంది, ఉడుపులయ్యేదాకా గోడకి మేకు కొట్టొద్దని మావ గట్టిగా చెప్పాడు. ఆడపడుచు సరేనంది. ఇన్నేళ్లు ఆగింది, ఇంకో వానాకాలం ఆగలేదా?

ఆ ఏడు ఉడుపులు నేను ఎప్పుడూ చూడనట్టు సాగాయి. పొద్దున్నే జట్టు పిల్లలంతా పచ్చతలుపు ఇంటికి. పాలు తాగేవాళ్లు, పాకేవాళ్లు, ముక్కు కారేవాళ్లు. వరండాలో రెండు చీర ఉయ్యాలలు. చోడి అంబలి, అదే రాగంబలి, పెద్ద దాకతో. పెద్దపిల్ల బడి నుంచి రాగానే వాళ్లకి పలకల మీద అ ఆలు దిద్దించేది. మడిలో మేం ఒక్కసారి కూడా గట్టు వైపు తల తిప్పలేదు. చిన్నకోడలు ఆ ఏడు అందరికంటే ముందు గట్టెక్కేది, ఎకసెక్కాలకి అంతులేదు. మధ్యాహ్నం పాలివ్వడానికి పోయి వస్తూ "నా కొడుకు నన్ను సూసి ఏడవనేదే! నన్ను మర్సిపోనాడే!" అని గుండె బాదుకుంటూ నవ్వింది. ఆ తర్వాతి ఎండాకాలాల్లో అదే కాలనీలో తుమ్మ పట్టిన ఇంకో రెండు జాగాల్లో జట్టు గోడలు లేపింది. ప్రతిదానికీ ఆడపడుచు వచ్చింది, దారం పట్టుకుంది. నా ఇటక పైకుందని నన్నే కసిరింది.

కానీ నాకు ఎప్పుడూ కళ్లముందుండేది ఆ మొదటి ఏడు ఉడుపులు ముగిసిన సాయంత్రమే. ఆఖరి మడి అయిపోయింది. కాళ్లకి బురదతోనే జట్టంతా పిల్లల్ని తెచ్చుకోవడానికి పచ్చతలుపు ఇంటికి పోయాం. అత్త గుమ్మంలో నిలబడి అందరూ వినేటట్టు అంది: "నీ బదులు తీరిపోనాదే. ఎవులికీ నువ్వు బాకీ నేవు."

ఆడపడుచు లోపలికి పోయి పెట్టె తెరిచింది. తువ్వాలు విప్పి ఫొటో తీసింది. కొంగుతో అద్దం తుడిచింది. మేస్త్రి మావ దగ్గర అడిగి తెచ్చుకున్న సుత్తీ, మేకులూ కిటికీలో సిద్ధంగా ఉన్నాయి. మా ఆయన ముందుకొచ్చి చెయ్యి చాపాడు, నేను కొడతానన్నట్టు. ఆమె ఇవ్వలేదు. ఎదురుగోడ మధ్యలో మేకు ఆనించింది.

అది నా మునుం లేపి, మళ్లీ పడగొట్టిన చోటే. పూత రాలితే? ఇటక చిట్లితే? దెబ్బ పడింది. ఇంకోటి పడింది. మేకు నిక్కచ్చిగా లోపలికి దిగింది. గోడ ఇసుక రేణువు కూడా రాల్చలేదు. ఫొటో తగిలించింది. నవ్వుమొహం మనిషి, అన్నేళ్ల తర్వాత వెలుతురులోకొచ్చి, బురదకాళ్లతో నిలబడ్డ మా అందర్నీ చూసి నవ్వుతున్నాడు. నేను ఏడ్చేశాను. ఆనందానికే ఏడ్చాను, దాచుకోలేదు.

అంతటితో ఆగుతుందనుకున్నాం. ఆగలేదు. పెద్దపిల్లని నిలబెట్టి, దాని భుజమెత్తున ఇంకో మేకు కొట్టింది, బడిసంచీకి. చిన్నపిల్లకి అందేటట్టు కిందగా ఇంకోటి. తలుపు పక్కన చీపురుకి ఒకటి. దీపం దగ్గర ఒకటి, దేనికో ఆమెకే తెలీదు. మావ నెత్తి కొట్టుకున్నాడు. నేను కట్టిన గోడ గదా, ప్రాణం ఉగ్గబట్టుకోలేక అరిచాను.

"ఒసే! ఆపవే! గోడంతా మేకులేటే!"

సుత్తి చేతిలో పట్టుకుని నా వైపు తిరిగింది. పెళ్లయిన కొత్తలో తప్ప ఆమె మొహంలో నేను అలాంటి నవ్వు చూడలేదు.

"నా గోడ వొదినా" అంది. ఇంకో మేకు తీసుకుంది.